స్నాప్‌షాట్ బ్యాకప్ ముందు డేటాసెట్ అంకెలు: ఏది ఎక్కడిది, ఏది ఎప్పటిది

మెయిన్‌ఫ్రేమ్‌లో (బ్యాంకుల వంటి చోట వాడే పెద్ద కంప్యూటర్‌లో) ఒక డేటాసెట్, అంటే ఒక ఫైల్, ఎంత పెద్దది అని అడిగితే, ఎవరిని అడిగామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. డేటాసెట్ల జాబితా చూపే ఐఎస్‌పీఎఫ్ 3.4 ప్యానెల్ చూసే ప్రోగ్రామర్ ఒక అంకె చెబుతారు. క్యాటలాగ్ వివరాలు చూపే లిస్ట్‌క్యాట్ కమాండ్ ఫలితం చదివే డీబీఏ (డేటాబేస్ నిర్వాహకుడు) ఇంకొకటి చెబుతారు. స్టోరేజ్ బాక్స్ వైపు నుంచి చూసేవారి లెక్క ఈ రెండూ కాదు. వీళ్లలో ఎవరూ తప్పు చెప్పకపోవచ్చు. ఆ అంకెల్లో ఒకదాన్ని పట్టుకుని స్నాప్‌షాట్‌కి, అంటే ఒక క్షణంలో డేటా ఉన్న స్థితిని పట్టి ఉంచే కాపీకి, ఎంత చోటు కావాలో, ఎంతసేపు పడుతుందో తేల్చబోయినప్పుడే చిక్కు మొదలవుతుంది.

ఈ ప్రశ్న ఇప్పుడు ఎక్కువగా వినిపించడానికి కారణం ఉంది. రాన్సమ్‌వేర్ భయం వల్ల రాత్రి ఒక్క బ్యాకప్‌తో సరిపెట్టుకోకుండా, రోజులో చాలాసార్లు స్నాప్‌షాట్ తీసే పద్ధతి పెరిగింది. ఐబీఎం 2018లో డీఎస్8000 స్టోరేజ్‌కి తెచ్చిన, మార్చడానికీ చెరపడానికీ వీల్లేని కాపీలు ఉంచే సేఫ్‌గార్డెడ్ కాపీలో ఒక్కో వాల్యూమ్‌కి (డిస్క్ యూనిట్‌కి) 500 కాపీల వరకు ఉంచుకోవచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి 17 నుంచి వర్తిస్తున్న డోరా (డిజిటల్ ఆపరేషనల్ రెజిలియన్స్ యాక్ట్) నిబంధనలు ఆర్థిక సంస్థల బ్యాకప్, పునరుద్ధరణ పద్ధతులను సూటిగా ప్రశ్నిస్తున్నాయి. కాపీలు పెరిగేకొద్దీ అంచనాలోని చిన్న తేడా కూడా ఆ సంఖ్యతో హెచ్చవుతూ పోతుంది.

అంకెలు పుట్టే నాలుగు చోట్లు

ముందు ఒక గందరగోళం తీర్చేసుకుందాం. లైబ్రరీలో (చిన్న ఫైళ్లను కలిపి ఉంచే డేటాసెట్‌లో) మెంబర్ల, అంటే ఆ చిన్న ఫైళ్ల, పక్కన కనిపించే వివరాలు, అంటే ఎప్పుడు సృష్టించారు, ఎప్పుడు మార్చారు, ఎన్ని వరుసలు, ఎవరి ఐడీ అన్నవి, ఐఎస్‌పీఎఫ్ ఎడిటర్ డైరెక్టరీలో రాసిపెట్టే మెంబర్ స్టాటిస్టిక్స్. బ్యాకప్ యుటిలిటీకి వీటితో పని లేదు. ఇక్కడ మాట్లాడుతున్నది డేటాసెట్ స్టాటిస్టిక్స్ గురించి.

అవి నాలుగు చోట్ల పుడతాయి. మొదటిది ప్రతి డిస్క్ వాల్యూమ్ మీదా ఉండే వీటాక్, అంటే ఆ వాల్యూమ్ విషయసూచిక. ఏ డేటాసెట్ ఏ ట్రాకుల్లో (డిస్క్ మీది చిన్న భాగాల్లో) ఉంది, ఎన్ని ఎక్స్‌టెంట్లు (వరుస ట్రాకుల ముక్కలు), చివరిగా రాసిన చోటు ఏది, చివరిగా తెరిచిన తేదీ ఏది అన్నవి దాంట్లో ఉంటాయి. రెండోది డేటాసెట్ల జాబితా అయిన క్యాటలాగ్, దానికి జోడీగా వాల్యూమ్ మీద ఉండే వీవీడీఎస్. వీశామ్ (ఐబీఎం ఫైల్ పద్ధతి ఒకటి) డేటాసెట్ల రికార్డుల సంఖ్య, స్ప్లిట్లు (నిండిన భాగాలు రెండుగా విడిపోవడం), ఖాళీ స్థలం లిస్ట్‌క్యాట్‌లో కనిపించేది అక్కడి నుంచే. మూడోది ఎస్ఎమ్ఎఫ్ రికార్డులు. జరిగిన పనిని కాలంతో పాటు నమోదు చేసేవి ఇవే. నాలుగోది డిస్కులను నడిపే స్టోరేజ్ కంట్రోలర్. దానికి డేటాసెట్ పేర్లు తెలియవు, ట్రాకులు మాత్రమే తెలుసు.

వీటాక్, క్యాటలాగ్ ఒక స్థితిని చెబుతాయి. ఎస్ఎమ్ఎఫ్ ఒక వేగాన్ని చెబుతుంది. కంట్రోలర్ ఈ క్షణంలో కాపీ ఎంతవరకు వచ్చిందో చెబుతుంది. ఒక ప్రశ్నకి మరో చోటి అంకెతో జవాబివ్వడం వల్లే చాలా అంచనాలు తప్పుతాయి.

ట్రాక్ లెక్క

మెయిన్‌ఫ్రేమ్ డిస్క్ ఈనాటికీ ఐబీఎం 3390 అనే పాత డిస్క్ కొలతల్లోనే కనిపిస్తుంది, లోపల ఫ్లాష్ డ్రైవ్‌లు ఉన్నా సరే. ఒక ట్రాక్‌లో గరిష్ఠంగా 56,664 బైట్లు పడతాయి. 15 ట్రాకులు ఒక సిలిండర్. వాల్యూమ్‌లు సాధారణంగా 3,339 సిలిండర్ల నుంచి 65,520 సిలిండర్ల దాకా, ఆపైన పెద్ద వాల్యూమ్‌లైతే ఇంకా ఎక్కువ దాకా ఉంటాయి.

ఒక సీక్వెన్షియల్ (రికార్డులు వరుసగా రాసే) డేటాసెట్ 3.4 ప్యానెల్‌లో 1,500 ట్రాకులు, 40 శాతం వాడకం అని కనిపిస్తోంది అనుకుందాం. కేటాయించినది 100 సిలిండర్లు, దాదాపు 85 మెగాబైట్లు. వాడినది 600 ట్రాకులు, దాదాపు 34 మెగాబైట్లు. 80 బైట్ల రికార్డులను 27,920 బైట్ల బ్లాకులుగా రాసి ఉంటే ట్రాక్‌కి రెండు బ్లాకులు, అంటే 698 రికార్డులు పడతాయి. 600 ట్రాకుల్లో 4,18,800 రికార్డులు.

ఇవే రికార్డులను బ్లాకింగ్ లేకుండా ఒక్కోటిగా రాస్తే, బ్లాకుల మధ్య పోయే చోటు వల్ల ట్రాక్‌కి 78 మాత్రమే పడతాయి. అప్పుడు కావాల్సింది 5,370 ట్రాకులు. డేటాలో ఒక్క అక్షరం తేడా లేదు, కానీ స్నాప్‌షాట్ మోయాల్సిన బరువు దాదాపు తొమ్మిది రెట్లు. స్నాప్‌షాట్ యంత్రాంగం రికార్డులను చూడదు, ట్రాకులనే చూస్తుంది. అందుకే రికార్డుల సంఖ్యను బట్టి బ్యాకప్ సైజు ఊహించడం ఇక్కడ పనికిరాదు.

కేటాయించింది, వాడింది, నిజంగా నిండింది

వాడిన స్థలం అంటే నిండిన స్థలం అనుకోవడం సహజం. సీక్వెన్షియల్ డేటాసెట్ విషయంలో వీటాక్‌లో ఉండేది చివరిగా రాసిన ట్రాక్‌కి ఒక గుర్తు మాత్రమే, పుస్తకంలో ఎక్కడిదాకా చదివామో పెట్టుకునే కాగితం లాంటిది. వాడకం శాతం ఆ గుర్తు నుంచే వస్తుంది. పాత తరహా పీడీఎస్ లైబ్రరీలో మెంబర్‌ను తీసేసినా ఆ చోటు వెనక్కి రాదు, కంప్రెస్ చేసేదాకా గుర్తు వెనక్కి జరగదు. 95 శాతం నిండిందని కనిపించే లైబ్రరీలో పనికొచ్చేది సగమే అయి ఉండొచ్చు. దాని కొత్త రూపమైన పీడీఎస్ఈలో 4 కేబీ పేజీలు తిరిగి వాడుకలోకి వస్తాయి కాబట్టి అక్కడ ఈ బెడద తక్కువ.

డీఎఫ్‌డీఎస్ఎస్ లాంటి బ్యాకప్ యుటిలిటీ మామూలుగా సీక్వెన్షియల్, పీడీఎస్ డేటాసెట్లలో ఆ గుర్తు వరకే డంప్ తీసుకుంటుంది. కేటాయించిన స్థలమంతా కావాలంటే ఆల్‌డేటా అన్న కీవర్డ్ ఇవ్వాలి. గుర్తు సున్నాగా ఉండిపోయిన డేటాసెట్లు కూడా ఉంటాయి. మామూలు యాక్సెస్ పద్ధతులతో కాకుండా సొంతంగా డిస్క్‌కి రాసే ప్రోగ్రామ్‌లు ఆ గుర్తును కదపకపోవచ్చు. అలాంటివి ఖాళీగా కనిపిస్తాయి, ఖాళీ కావు. వాటికోసం ఆల్‌ఎక్స్‌సీపీ అన్న కీవర్డ్ ఉంది.

డేటాసెట్ ఒకటి కంటే ఎక్కువ వాల్యూమ్‌ల మీద పరుచుకుని ఉంటే ప్యానెల్‌లో వాల్యూమ్ పేరు పక్కన ప్లస్ గుర్తు కనిపిస్తుంది. అది కనిపిస్తే ఆ వరుసలోని అంకెను మొత్తం సైజు అనుకోకుండా డీకలెక్ట్ (డేటాసెట్ల వివరాలు ఫైల్‌గా తీసే కమాండ్) చూడటం మేలు. డీకలెక్ట్ ఒక్కో వాల్యూమ్ మీది ముక్కకి ఒక్కో రికార్డు ఇస్తుంది, కేటాయింపునీ వాడకాన్నీ కిలోబైట్లలో విడివిడిగా చెబుతుంది. వందల డేటాసెట్లను ఒకేసారి చూడాలన్నా ప్యానెల్ కంటే ఇదే దారి.

వీశామ్‌లో రెండు హద్దులు

వీశామ్ డేటాసెట్‌కి 3.4 ప్యానెల్‌లో వాడకం శాతం బదులు ప్రశ్నార్థకం కనిపిస్తుంది. లిస్ట్‌క్యాట్‌కి వెళ్లాల్సిందే. అక్కడ చూడాల్సినవి మూడు: కేటాయింపు ఎక్కడిదాకా ఉందో చెప్పే హై అలొకేటెడ్ ఆర్‌బీఏ (డేటాసెట్ మొదటి నుంచి బైట్ల లెక్క), వాడకం ఎక్కడిదాకా ఉందో చెప్పే హై యూజ్డ్ ఆర్‌బీఏ, ఖాళీ స్థలం.

4,096 బైట్ల సీఐలు (వీశామ్ ఒక్కసారిగా చదివే, రాసే భాగాలు), సిలిండర్ సైజు సీఏలు (సీఐల గుంపులు) ఉన్న ఒక కేఎస్‌డీఎస్ (కీ ద్వారా వెతికే వీశామ్ ఫైల్) తీసుకుందాం. ట్రాక్‌కి 12 సీఐలు, సిలిండర్‌కి 180, అంటే సీఏకి 7,37,280 బైట్లు. లిస్ట్‌క్యాట్ ఇలా చెప్పిందనుకుందాం: హై అలొకేటెడ్ 7,37,28,000. హై యూజ్డ్ 4,42,36,800. ఖాళీ 3,68,64,000. భాగిస్తే కేటాయింపు 100 సిలిండర్లు, వాడకం 60. వాడని 40 సిలిండర్లలో 2,94,91,200 బైట్లు ఉన్నాయి. మొత్తం ఖాళీలోంచి అది తీసేస్తే ఇంకా 73,72,800 బైట్లు మిగులుతాయి. అవి 1,800 సీఐలు, 10 సిలిండర్ల విలువ. వాడిన హద్దు లోపలే చెల్లాచెదురుగా పూర్తిగా ఖాళీగా ఉన్న సీఐలు ఇవి. సీఐల లోపల ఉండే సగం ఖాళీలు ఈ లెక్కలో రావు.

కాబట్టి ఈ డేటాసెట్ సైజు 100 అనొచ్చు, 60 అనొచ్చు, 50 అనొచ్చు. టార్గెట్ వాల్యూమ్‌లో పూర్తి డేటాసెట్‌కి చోటు చూసేవారికి 100 కావాలి. టేప్‌కి వెళ్లే డేటా ఎంతో చూసేవారికి 60 దగ్గర. రీఆర్గ్ చేస్తే, అంటే డేటాను సర్ది మళ్లీ రాస్తే, ఎంత కుదించుకుపోతుందో చూసేవారు 50 నుంచి మొదలుపెట్టాలి.

తెరిచి ఉన్న డేటాసెట్ పాత కథే చెబుతుంది

నన్ను అడిగితే ఈ విషయంలో అన్నిటికంటే తక్కువ మంది పట్టించుకునేదీ, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేయగలిగేదీ ఇదే. పైన చెప్పిన గుర్తులూ లెక్కలూ ఎక్కువగా డేటాసెట్‌ను మూసేటప్పుడు తాజా అవుతాయి. పగలంతా ఆన్‌లైన్ లావాదేవీలు నడిపే సీఐసీఎస్ తెరిచి ఉంచే ఫైల్‌కి మధ్యాహ్నం లిస్ట్‌క్యాట్ తీస్తే కనిపించే రికార్డుల సంఖ్య పొద్దున్నది కావచ్చు. దాన్ని చూసి టెన్షన్ పడటం గానీ, నిశ్చింతగా ఉండటం గానీ రెండూ తొందరపాటే.

స్నాప్‌షాట్‌కి ఇది మరింత సూటిగా తగులుతుంది. వాల్యూమ్ మొత్తాన్ని కాపీ చేస్తే వీటాక్, వీవీడీఎస్ కూడా ఆ క్షణంలో ఎలా ఉన్నాయో అలాగే కాపీలోకి వస్తాయి. ఒక బ్యాచ్ జాబ్ సీక్వెన్షియల్ ఫైల్‌కి రాస్తూ మధ్యలో ఉందనుకుందాం. 400 ట్రాకులు రాసేసింది, ఫైల్ ఇంకా మూయలేదు. కాపీలో ఆ 400 ట్రాకుల డేటా ఉంటుంది, గుర్తు మాత్రం పాత చోటే చూపిస్తుంది. ఆ కాపీ నుంచి వాడిన స్థలం వరకే టేప్‌కి డంప్ తీస్తే ఆ ట్రాకులు టేప్‌కి చేరవు. జాబ్ రిటర్న్ కోడ్ మాత్రం సున్నాయే, అంటే అంతా సవ్యమనే, వస్తుంది.

వీశామ్‌లోనూ ఇదే స్థితి. డేటాసెట్ అవుట్‌పుట్‌కి తెరిచి ఉందన్న సూచిక కాపీలోకి అలాగే వస్తుంది. తర్వాత ఆ కాపీని తెరిచినప్పుడు వీశామ్ వెరిఫై చేసి హద్దును సరిదిద్దుకోవడానికి ప్రయత్నిస్తుంది. హద్దు సరిపడొచ్చు గానీ, స్నాప్‌షాట్ సమయానికి మెమరీ బఫర్లలోనే ఉండి డిస్క్‌కి చేరని మార్పులను అది తేలేదు. డేటాబేస్‌లైతే లాగ్ ద్వారా ఆ లోటు పూడ్చుకుంటాయి. లాగ్ లేని మామూలు ఫైళ్లకి ఆ దారి లేదు.

స్నాప్‌షాట్ లోపల జరిగేది

స్నాప్‌షాట్ అన్న ఒక్క పేరు కింద వేర్వేరు యంత్రాంగాలు నడుస్తాయి. 1990లలో స్టోరేజ్‌టెక్ ఐస్‌బర్గ్, అదే వంశంలో ఐబీఎం అమ్మిన రామాక్ వర్చువల్ అర్రే డేటాను కదపకుండా పాయింటర్లను మాత్రమే కాపీ చేసేవి. కాంకరెంట్ కాపీలో కంట్రోలర్ మారబోయే ట్రాకుల పాత ప్రతులను సైడ్‌ఫైల్‌లో దాచి, యుటిలిటీ వచ్చి చదువుకునేదాకా ఉంచుతుంది. అప్లికేషన్ విపరీతమైన వేగంతో రాస్తూ, యుటిలిటీ నెమ్మదిగా చదువుతుంటే సైడ్‌ఫైల్ ఉబ్బుతుంది.

ఐబీఎం ఫ్లాష్‌కాపీలో కంట్రోలర్ సోర్స్‌కీ టార్గెట్‌కీ ఒక సంబంధం ఏర్పరచి, ఏ ట్రాకులు కాపీ కావాలో గుర్తుపెట్టే బిట్‌మ్యాప్ పెట్టుకుంటుంది. అది క్షణాల్లో అయిపోతుంది. డీఎఫ్‌డీఎస్ఎస్ కాపీ ముగిసిందనీ, ఫాస్ట్ రెప్లికేషన్ (కంట్రోలర్ చేసే ఇలాంటి వేగవంతమైన కాపీ) వాడిందనీ ఏడీఆర్806ఐ మెసేజ్ ఇస్తుంది. తార్కికంగా కాపీ తయారే, భౌతికంగా ట్రాకులు ఇంకా కదులుతూనే ఉండొచ్చు. ఎన్ని మిగిలాయో తెలియాలంటే టీఎస్ఓలో (మెయిన్‌ఫ్రేమ్ కమాండ్లు ఇచ్చే చోట) ఎఫ్‌సీక్వెరీ గానీ, స్టోరేజ్ కమాండ్ లైన్‌లో ఎల్ఎస్‌ఫ్లాష్ గానీ చూడాలి. జాబ్ లాగ్‌లో ఆ సంగతి ఉండదు. ఫాస్ట్ రెప్లికేషన్ కుదరకపోతే, తప్పనిసరి అని మనం కోరి ఉండకపోతే, యుటిలిటీ మామూలు కాపీకి మళ్లుతుంది. అప్పుడు క్షణాల పని చాలాసేపు పడుతుంది. అందుకే రిటర్న్ కోడ్‌తో ఆగకుండా మెసేజ్‌లు చదవాలి.

నేపథ్య కాపీ వద్దని చెబితే, సోర్స్‌లో ఒక ట్రాక్ మారబోయేటప్పుడు మాత్రమే దాని పాత ప్రతి టార్గెట్‌కి వెళ్తుంది. ఇక్కడి నుంచి ప్రశ్న మారిపోతుంది. డేటాసెట్ ఎంత పెద్దది అన్నది పక్కకి పోయి, స్నాప్‌షాట్ బతికి ఉన్నంతసేపు అందులో ఎన్ని వేర్వేరు ట్రాకులు మారతాయి అన్నది ముందుకొస్తుంది.

ఎన్ని రాతలు కాదు, ఎన్ని ట్రాకులు

60,000 ట్రాకుల డేటాసెట్ ఉంది. గంటసేపు స్నాప్‌షాట్ నిలిపి ఉంచాలి. ఎస్ఎమ్ఎఫ్ చూస్తే ఆ గంటలో 4,00,000 రాతలు జరుగుతాయని తెలిసింది.

ఆ రాతలన్నీ 2,000 ట్రాకుల మీదే తిరుగుతున్నాయనుకుందాం. ఒక ట్రాక్ మొదటిసారి మారినప్పుడే పాత ప్రతి దాచాలి, రెండోసారి నుంచి దాచాల్సింది లేదు. కావాల్సిన చోటు 2,000 ట్రాకులు, దాదాపు 113 మెగాబైట్లు. అవే రాతలు 60,000 ట్రాకుల మీదా యాదృచ్ఛికంగా పడితే, సగటున ఒక్కో ట్రాక్‌కి ఆరేడు వస్తాయి. ఒక్కసారి కూడా తగలని ట్రాకులు వందలోపే మిగులుతాయి. కావాల్సిన చోటు దాదాపు 3.4 గిగాబైట్లు. రాతల సంఖ్య ఒకటే, చోటులో ముప్ఫై రెట్ల తేడా.

ఇంతటితో అయిపోలేదు. కొత్త డీఎస్8000ల్లో అవసరమైనప్పుడే చోటు తీసుకునే వాల్యూమ్‌లను టార్గెట్‌గా వాడితే, చోటు ట్రాకుల చొప్పున రాదు, స్టోరేజ్ ఎక్స్‌టెంట్ల చొప్పున వస్తుంది. చిన్న ఎక్స్‌టెంట్ 21 సిలిండర్లు, అంటే 315 ట్రాకులు. పెద్దది 1,113 సిలిండర్లు. వీటాక్‌లో కనిపించే డేటాసెట్ ఎక్స్‌టెంట్లకీ వీటికీ సంబంధం లేదు. మన 60,000 ట్రాకుల డేటాసెట్ దాదాపు 191 చిన్న ఎక్స్‌టెంట్ల మీద పరుచుకుంటుంది. వేడిగా ఉన్న 2,000 ట్రాకులు ఒకేచోట ఉంటే ఏడెనిమిది ఎక్స్‌టెంట్లతో పోతుంది. అవే డేటాసెట్ పొడవునా సమంగా చెదిరి ఉంటే ప్రతి ఎక్స్‌టెంట్‌లోనూ పదేసి పడతాయి. అప్పుడు 191కి 191 కేటాయించాల్సిందే.

ఈ చెదరడం ఎంతో చెప్పే అంకె మామూలు డేటాసెట్ స్టాటిస్టిక్స్‌లో దొరకదు. ఎస్ఎమ్ఎఫ్ 42 రకం, 6వ సబ్‌టైప్ డేటాసెట్ వారీగా ఇన్‌పుట్ అవుట్‌పుట్ల సంఖ్య, రెస్పాన్స్ టైమ్, క్యాష్ హిట్లు ఇస్తుంది. 64వ రకం వీశామ్ మూసినప్పుడు, తెరిచినప్పటి నుంచి ఎన్ని చేర్పులు, మార్పులు, తొలగింపులు జరిగాయో ఇస్తుంది. ఇవి వేగం చెబుతాయి, వ్యాప్తి చెప్పవు. సేఫ్‌గార్డెడ్ కాపీకి చోటు అంచనా వేయడానికి డీఎస్8000లో రాతలను గమనించే బిట్‌మ్యాప్ పెట్టింది ఈ వెలితి వల్లే. అది వాల్యూమ్ స్థాయిలో ఏయే ట్రాకులు తాకిడికి గురయ్యాయో లెక్కిస్తుంది.

మారిందా లేదా అన్న ఒక్క బిట్

వీటాక్‌లో డేటాసెట్ మారిందని చెప్పే బిట్ ఒకటి ఉంటుంది. చదవడానికి కాకుండా వేరే పనికి తెరిస్తే అది వెలుగుతుంది. అప్‌డేట్‌కి తెరిచి ఏమీ రాయకుండా మూసినా వెలుగుతుంది. ఒక్క రికార్డు మారినా, మొత్తం మారినా ఒకటే. మారినవాటినే డంప్ తీయమని డీఎఫ్‌డీఎస్ఎస్‌కి చెప్పినప్పుడు అది చూసేది ఈ బిట్‌నే.

స్వయంచాలకంగా బ్యాకప్‌లు తీసే హెచ్ఎస్ఎమ్ కూడా తన ఇంక్రిమెంటల్ (మారినవాటినే తీసే) బ్యాకప్‌కి ఇదే బిట్‌ను చూస్తుంది. ఎవరో ఒక టీమ్ విడిగా రీసెట్ కీవర్డ్‌తో డంప్ తీస్తే బిట్ ఆరిపోతుంది, హెచ్ఎస్ఎమ్ ఆ డేటాసెట్ మారలేదని దాటేస్తుంది. ఏ జాబూ ఫెయిల్ అవదు. హెచ్ఎస్ఎమ్ దగ్గర తాజా కాపీ ఉందని నమ్మినవారికి రీస్టోర్ రోజున పాతది దొరుకుతుంది.

వాల్యూమ్ మొత్తమా, డేటాసెట్ వారీగానా

స్టోరేజ్ టీమ్‌లు తరచూ అనేది ఏమిటంటే, వాల్యూమ్‌లన్నీ ఒకే క్షణంలో కాపీ చేస్తే డేటాసెట్ స్టాటిస్టిక్స్‌తో పనే లేదు. వీటాక్, క్యాటలాగ్, డేటా అన్నీ ఒకదానితో ఒకటి పొసగుతాయి, ఏదీ మరిచిపోయే అవకాశం ఉండదు. ఈ వాదనలో బలం ఉంది, ముఖ్యంగా మొత్తం వ్యవస్థను వెనక్కి తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు.

డేటాసెట్ వారీ పద్ధతి కోరేవారి మాటా బలమైనదే. 65,520 సిలిండర్ల వాల్యూమ్‌లో 60 సిలిండర్ల ఫైల్ ఒక్కటే పాడైతే వాల్యూమ్ అంతా వెనక్కి తిప్పలేరు. పైగా దేనికి ఎంత చోటు, ఎవరి అప్లికేషన్ ఎంత వాడుతోంది అన్నది వాల్యూమ్ అంకెల్లో కలిసిపోతుంది. దీనికీ ఒక వెల ఉంది. డేటాసెట్ ఎన్ని ఎక్స్‌టెంట్లుగా ముక్కలైతే కంట్రోలర్‌లో అన్ని ఫ్లాష్‌కాపీ సంబంధాలు ఏర్పరచాలి. ఎక్స్‌టెంట్ల సంఖ్య ఇక్కడ చూడదగ్గ స్టాటిస్టిక్ అయ్యేది అందుకే.

ఐబీఎం డేటాబేస్ డీబీ2 రెండిటికీ చోటిచ్చింది. బ్యాకప్ సిస్టమ్ యుటిలిటీ కాపీ పూల్స్‌తో (కలిపి కాపీ చేసే వాల్యూమ్‌ల గుంపులతో) వాల్యూమ్ స్థాయిలో పనిచేస్తుంది. డీబీ2 10 నుంచి కాపీ యుటిలిటీ ఫ్లాష్‌కాపీని డేటాసెట్ స్థాయిలో వాడగలదు. డీబీ2కి తన సొంత రియల్ టైమ్ స్టాటిస్టిక్స్ కూడా ఉన్నాయి. చివరి కాపీ తర్వాత ఎన్ని వేర్వేరు పేజీలు మారాయో వాటిలో తెలుస్తుంది. ఇంక్రిమెంటల్ కాపీ తీయాలా, పూర్తిదా అని తేల్చడానికి డీబీఏలు దీన్నే నమ్ముతారు, అందుకు అది సరైన అంకె కూడా.

దాన్నే స్నాప్‌షాట్ చోటుకి వాడితే ఏమవుతుందో చూద్దాం. 10,80,000 పేజీల టేబుల్‌స్పేస్ (టేబుళ్ల డేటా ఉండే చోటు), ఒక్కో పేజీ 4 కేబీ. ట్రాక్‌కి 12 పేజీల చొప్పున 90,000 ట్రాకులు. మారిన పేజీలు 54,000, అంటే 5 శాతం. పక్కపక్కనే ఉన్న పేజీలు మారి ఉంటే 4,500 ట్రాకులతో సరి, అదీ 5 శాతమే. ఒక్కో ట్రాక్‌లో ఒక్కో పేజీ చొప్పున చెదిరి మారి ఉంటే 54,000 ట్రాకులు, 60 శాతం. మెమరీలోని ఈ లెక్కలు టేబుల్‌లోకి కొంత వ్యవధి తర్వాతే చేరతాయి. స్టోరేజ్ టీమ్ డీబీ2కి తెలియకుండా బయట నుంచి తీసిన కాపీకి ఈ కౌంటర్ సున్నా కాదు. చివరి కాపీ అన్నప్పుడు అది లెక్కించేది డీబీ2 తీసిన కాపీ నుంచే, నిన్న రాత్రి స్టోరేజ్ బాక్స్‌లో తీసిన స్నాప్‌షాట్ నుంచి కాదు.